ప్రార్థనకు కొలత: పాశ్చాత్య కథోలిక మఠాల్లో వేళాప్రార్థనలు, దైవార్చన సంవత్సరం

వ్యాస సంగ్రహం

కథోలిక మఠజీవితంలో దైవార్చన సంవత్సరాన్ని సాధారణంగా పండుగల పట్టికగా పరిశీలిస్తారు. అది అంతకంటే ముందు ప్రార్థన, శ్రమ, పఠనం, ఆహారం, నిద్ర అనే ఐదింటి మధ్య కాలాన్ని పంచే వ్యవస్థ అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆరవ శతాబ్దపు బెనెడిక్ట్ నియమావళి మొదలుకొని క్లూనీ, సిటో, సోలెమ్ మఠాల మీదుగా రెండవ వాటికన్ మహాసభ అనంతర పరిణామాల వరకు ఈ పంపకం ఎలా మారిందో, ప్రార్థన పెరిగినప్పుడు తగ్గిన శ్రమభారం ఎవరి మీద పడిందో పరిశీలించడం దీని లక్ష్యం.

కీలక పదాలు: బెనెడిక్ట్ నియమావళి, వేళాప్రార్థన, దైవార్చన సంవత్సరం, క్లూనీ, సిటో, శ్రామిక సోదరులు, సోలెమ్, కురిసుమల.

ఉపోద్ఘాతం

తెలుగు కథోలికుల వాడుకలో ఆగమన కాలం, క్రీస్తు జయంతి కాలం, తపస్సు కాలం, పాస్కా కాలం, సామాన్య కాలం అనే మాటలు సుపరిచితాలు. విచారణలోని విశ్వాసి ఈ కాలాలను ప్రధానంగా ఆదివారపు దివ్యబలిపూజలో, గురువు ధరించే వస్త్రాల రంగులో, పండుగలలో గుర్తిస్తాడు. మఠవాసి అనుభవం వేరు. కాలం మారినప్పుడు అతడు నిద్ర లేచే వేళ, భోజనం చేసే వేళ, పొలానికి వెళ్లే వేళ, పుస్తకం పట్టే వేళ మారతాయి. పండుగ అతని దినచర్యలోనే నమోదవుతుంది.

మఠ ప్రార్థన చరిత్రను గ్రంథాల చరిత్రగా, సంగీత చరిత్రగా, ఆధ్యాత్మిక సిద్ధాంతాల చరిత్రగా పరిశీలించిన రచనలు చాలా ఉన్నాయి. ఈ వ్యాసం దానిని కొలత చరిత్రగా పరిశీలిస్తుంది. ఒక రోజు ఎంత ప్రార్థనను భరించగలదు? ఆ భారం పెరిగితే రోజులో దేనికి చోటు తగ్గుతుంది? తగ్గిన పనిని ఎవరు చేస్తారు? ఈ మూడు ప్రశ్నలు పాశ్చాత్య మఠ సంస్కరణల్లో పదేపదే ఎదురవుతాయి.

1. నియమావళిలో రోజు

నూర్సియాకు చెందిన పునీత బెనెడిక్ట్ (సుమారు 480–547) ఇటలీలోని మోంటె కస్సీనోలో రూపొందించిన నియమావళిలో 73 అధ్యాయాలున్నాయి. వాటిలో 8 నుంచి 20 వరకు గల అధ్యాయాలు ప్రార్థన క్రమాన్ని, ప్రార్థించవలసిన తీరును వివరిస్తాయి. పగలు ఏడు మారులు, రాత్రి ఒక మారు ప్రార్థించాలన్న నియమానికి ఆధారం 119వ కీర్తనలోని 62, 164 వచనాలు. రాత్రి జాగరణ ప్రార్థన, వేకువన ప్రభాత స్తుతి, పగటి వేళల్లో ప్రైమ్, టెర్స్, సెక్స్ట్, నోన్ అనే నాలుగు చిన్న ప్రార్థనలు, సాయంకాలం సంధ్యా ప్రార్థన, పడుకునే ముందు శయన ప్రార్థన ఇందులోని క్రమం. నడిమి నాలుగింటి పేర్లు లాటిన్‌లో ఒకటవ, మూడవ, ఆరవ, తొమ్మిదవ గంటలను సూచిస్తాయి.

ఈ గంటలు నేటి అరవై నిమిషాల గంటలు కావు. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకు గల పగటిని పన్నెండు సమభాగాలు చేస్తే వచ్చే గంటలివి. పంచాంగకర్తలు పగటి ప్రమాణాన్ని ఎనిమిది భాగాలు చేసి రాహుకాలాన్ని నిర్ణయించే పద్ధతి తెలిసిన తెలుగు పాఠకులకు ఈ లెక్క కొత్తది కాదు. మోంటె కస్సీనో అక్షాంశం వద్ద వేసవిలో పగలు సుమారు పదిహేను గంటలు, శీతకాలంలో సుమారు తొమ్మిది గంటలు ఉంటుంది. అందువల్ల అక్కడ పగటి గంట వేసవిలో దాదాపు డెబ్బై ఐదు నిమిషాలకు సాగి, శీతకాలంలో నలభై ఐదు నిమిషాలకు కుదించుకుపోతుంది. ప్రార్థనకు, పనికి మధ్యగల ఎడం సూర్యగతిని బట్టి సాగుతూ, కుదించుకుపోతూ ఉండేది.

బెనెడిక్ట్ చేసిన ముఖ్యమైన నిర్ణయం 18వ అధ్యాయంలో ఉంది. మొత్తం 150 కీర్తనలు ప్రతి వారం పూర్తి కావాలి. పూర్వపు తపస్వులు ఒక్క రోజులో పూర్తిచేసిన దానిని మందగతి గల తాము కనీసం వారంలోనైనా పూర్తి చేయాలని ఆయన భావం. తన పంపిణీ నచ్చనివారు మరో క్రమాన్ని ఏర్పరచుకోవచ్చునని కూడా ఆయన అనుమతించాడు. వారానికి 150 అన్న నియమంలో మాత్రం సడలింపు లేదు. ఇది ఆదర్శానికి, మానవ సామర్థ్యానికి మధ్య కుదిరిన ఒడంబడిక. ఎడారి తపస్వుల లెక్కతో చూస్తే ఇది తగ్గింపు. పొలం పని, వంట పని, అతిథుల సేవ కూడా చేయవలసిన ఒక సమూహం లెక్కతో చూస్తే ఇది గట్టి నియమమే.

ఈ ఒడంబడికలోని వాస్తవిక దృష్టి చిన్న వివరాల్లో కనిపిస్తుంది. వేసవి రాత్రులు చిన్నవి గనుక జాగరణలోని దీర్ఘ పఠనాలను తొలగించి, కంఠస్థమైన ఒక చిన్న పాఠాన్ని మాత్రమే ఉంచమన్నాడు. పన్నెండు కీర్తనల సంఖ్యను మాత్రం తగ్గించవద్దన్నాడు. జాగరణ ఆరంభంలో వచ్చే 95వ కీర్తనను ఆలస్యంగా వచ్చేవారు అందుకోగలిగేలా నెమ్మదిగా చదవమన్నాడు. దూరపు పొలంలో ఉండి ప్రార్థనాలయానికి రాలేనివారు పనిచేస్తున్న చోటనే మోకరిల్లి ప్రార్థించాలన్నాడు. దేవుని పనికంటే దేనినీ ముందుంచరాదని చెప్పిన నియమావళియే ఆ పనికి హద్దులు కూడా గీసింది.

2. పాస్కా చుట్టూ తిరిగే సంవత్సరం

నియమావళిలో పండుగల విస్తృత పట్టిక లేదు. ఆగమన కాలం ప్రస్తావన కూడా అందులో కనిపించదు. సంవత్సరానికి అక్షం పాస్కా. వసంత విషువత్తు తర్వాత వచ్చే తొలి పౌర్ణమిని అనుసరించే ఆదివారం గనుక పాస్కా తేదీ ఏటా మార్చి 22కు, ఏప్రిల్ 25కు మధ్య మారుతుంది. సూర్యచంద్రుల గతులు రెండింటినీ కలిపి లెక్కించే ఈ పద్ధతి వల్ల మఠ సంవత్సరంలో సగభాగం ఏటా కొంత ముందుకో వెనకకో జరుగుతూ ఉంటుంది.

41వ అధ్యాయం భోజన వేళలను ఈ అక్షానికే కడుతుంది. పాస్కా నుంచి పెంతెకోస్తు వరకు మధ్యాహ్నం ఆరవ గంటకు భోజనం, సాయంత్రం మరో భోజనం. పెంతెకోస్తు తర్వాత వేసవి అంతా బుధ, శుక్రవారాల్లో తొమ్మిదవ గంట దాకా ఉపవాసం. సెప్టెంబరు 13 నుంచి తపస్సు కాలం వరకు రోజూ తొమ్మిదవ గంటకే భోజనం. తపస్సు కాలంలో సాయంకాలమే భోజనం. పొలం పని ఎక్కువగా ఉన్నా, ఎండ తీవ్రంగా ఉన్నా వేసవి ఉపవాసాన్ని సడలించే అధికారం మఠాధిపతికి ఉంది. సోదరులు న్యాయమైన కారణంతో సణుక్కునే పరిస్థితి రాకూడదన్నది ఇందులోని ఉద్దేశం.

48వ అధ్యాయం పనినీ పఠనాన్నీ ఇదే రీతిగా పంచుతుంది. పాస్కా నుంచి అక్టోబరు 1 వరకు ఉదయం చల్లని వేళలో పని, నాలుగవ గంట నుంచి ఆరవ గంట వరకు పఠనం, భోజనానంతరం మౌనంగా విశ్రాంతి, కొంత ముందుగా నోన్, ఆపై సాయంకాలం వరకు మళ్లీ పని. శీతకాలంలో క్రమం తిరగబడి ఉదయం పఠనం, తర్వాత పని ఉంటాయి. తపస్సు కాలంలో పఠనం మూడవ గంట దాకా సాగుతుంది. ప్రతి సోదరుడికీ గ్రంథాలయం నుంచి ఒక పుస్తకం ఇస్తారు. దానిని మొదటి నుంచి చివరిదాకా వరుసగా చదవాలి. పఠనవేళలో ఎవరైనా సోమరిగా ఉన్నారేమో చూడడానికి ఒకరిద్దరు పెద్దలు మఠంలో తిరుగుతుంటారు.

ఉచ్చారణలోనూ కాలం వినిపిస్తుంది. పాస్కా నుంచి పెంతెకోస్తు వరకు కీర్తనలతో, ప్రతివచనాలతో ఎడతెగక వినిపించే ‘అల్లెలూయా’ ఆ తర్వాత పరిమిత స్థానాల్లో మాత్రమే ఉండి, తపస్సు కాలంలో పూర్తిగా మౌనం వహిస్తుంది. ఆ మాటను నలభై రోజులు పలకని నోటికి పాస్కా రాత్రి అది ఎలా తోస్తుందో ఊహించవచ్చు. మఠవాసి జీవితమంతా తపస్సు కాలంలాగే ఉండాలని 49వ అధ్యాయం కోరినప్పటికీ, ఆ శక్తి కొందరికే ఉంటుందని వెంటనే అంగీకరించి, ఏడాదిలోని ఆ కొన్ని దినాలకే అదనపు నియమాన్ని పరిమితం చేస్తుంది. అందరూ నిత్యం అందుకోలేని ఆదర్శాన్ని కొంతకాలమైనా అందుకునేలా చేయడం దైవార్చన సంవత్సరం నెరవేర్చే పని.

48వ అధ్యాయంలో చరిత్రకారుడు ఆగి చూడవలసిన వాక్యం ఒకటుంది. స్థలావసరం వల్లగాని, పేదరికం వల్లగాని తామే పంట కోసుకోవలసి వస్తే సోదరులు విచారించరాదని, చేతి కష్టంతో జీవించినప్పుడే నిజమైన సన్యాసులవుతారని బెనెడిక్ట్ బోధిస్తాడు. కోత పని అన్నిచోట్లా సోదరులదే కాదని, అది నెత్తిన పడితే నొచ్చుకునేవారు ఉన్నారని ఈ ఓదార్పు సూచిస్తుంది. ప్రార్థన–శ్రమల సమతూకం పుట్టినప్పటి నుంచే పెళుసుగా ఉందని చెప్పడానికి ఇది ఆధారం.

3. క్లూనీ: ప్రార్థన పొంగిన రోజు

816–817 సంవత్సరాల్లో ఆహెన్‌లో జరిగిన సమావేశాలు, వాటికి చోదకుడైన అనియాన్ బెనెడిక్ట్ కృషి వల్ల బెనెడిక్ట్ నియమావళి ఫ్రాంకుల సామ్రాజ్యంలోని మఠాలకు ఉమ్మడి ప్రమాణమైంది. అదే కాలంలో దానికి అదనపు ప్రార్థనలూ చేరాయి. జాగరణకు ముందు చదివే కీర్తనలు, మృతుల కోసం చేసే ప్రార్థనలు వాటిలో ముఖ్యమైనవి. నియమావళి నిర్దేశించిన కొలత చెక్కుచెదరలేదు గాని దాని చుట్టూ మరో పొర పేరుకుంది.

అక్విటేన్ ప్రభువు విలియం 910లో స్థాపించిన క్లూనీ మఠంలో ఈ పెరుగుదల పరాకాష్ఠ నందుకుంది. మఠాధిపతి ఓడిలో (994–1049) కాలంలో నవంబరు 2ను మృతులందరి స్మరణ దినంగా క్లూనీ పాటించింది. క్రమంగా అది పాశ్చాత్య శ్రీసభ అంతటికీ వ్యాపించింది. మన ఊళ్లలో సమాధుల పండుగ పేరిట సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించే ఆచారానికి గల పంచాంగ తేదీ ఆ మఠం నుంచి వచ్చినదే. ఒక సమూహపు దైవార్చన సంవత్సరం లోకపు సంవత్సరంగా మారిన తీరుకు ఇంతకు మించిన ఉదాహరణ అరుదు.

దాతలు భూములిచ్చి ప్రార్థనలు కోరారు. పేర్లు పెరిగిన కొద్దీ స్మరణలూ పెరిగాయి. 1063లో క్లూనీని సందర్శించిన పీటర్ డేమియన్, అక్కడి ప్రార్థనలు ఎంత దీర్ఘమైనవంటే వేసవిలోని పొడవాటి రోజుల్లో సైతం సోదరులు మాట్లాడుకోవడానికి అరగంట దొరకడం కష్టమని ప్రశంసాపూర్వకంగానే నమోదు చేశాడు. క్లూనీ ఆచారాలను గ్రంథస్థం చేసిన ఉల్రిచ్, చేతిపని పేరిట తాను చూసినది ప్రధానంగా చిక్కుడు జాతి కాయలు ఒలవడం, తోటలో కలుపు తీయడమేనని నిజాయితీగా ఒప్పుకున్నాడు. నియమావళిలోని పని ఒక లాంఛనంగా మిగిలింది. పొలాలను దున్నినవారు మఠభూముల మీది రైతులు, సేవకులు.

మృతుల స్మరణకు ఆర్థిక మూల్యమూ ఉండేది. మరణించిన ప్రతి సోదరుడి పేరిట ముప్పై రోజులు ఒక పేదకు అతని వంతు భోజనం పెట్టాలి. వర్ధంతులకూ అన్నదానం ఉండేది. తరతరాలుగా మృతుల సంఖ్య పెరుగుతుంది గాని మఠం ఆదాయం అదే నిష్పత్తిలో పెరగదు. 12వ శతాబ్దంలో మఠాధిపతి పీటర్ ద వెనరబుల్ వర్ధంతుల అన్నదానాన్ని రోజుకు 50 మందికి పరిమితం చేయవలసి వచ్చింది. ఆగకుండా పెరిగే మృతులు బతికున్నవారికి చోటు లేకుండా చేస్తారన్న భయం ఆ నిర్ణయం వెనుక ఉంది. ఆయన దీర్ఘ ప్రార్థనలను కూడా కొంత కత్తిరించాడు. కొలతను అతిక్రమించిన వ్యవస్థ తనను తానే మళ్లీ కొలుచుకోవలసి వచ్చింది.

4. సిటో: కోత, దాని మూల్యం

1098లో మోలెమ్ మఠం నుంచి రాబర్ట్, ఆల్బెరిక్, స్టీఫెన్ హార్డింగ్ మొదలైనవారు బయలుదేరి సిటోలో కొత్త మఠాన్ని నెలకొల్పారు. నియమావళిని అక్షరాలా పాటించడం వారి సంకల్పం. శతాబ్దాలుగా పేరుకున్న అదనపు కీర్తనలను వారు చాలావరకు తొలగించారు. పండుగల సంఖ్యను తగ్గించారు. మిగిలిన సమయాన్ని చేతిపనికి, పఠనానికి తిరిగి ఇచ్చారు.

మూలానికి తిరిగి వెళ్లాలన్న తపన సంగీతానికీ విస్తరించింది. ప్రామాణిక గానం కోసం మెట్స్ నగరానికి, బెనెడిక్ట్ ప్రస్తావించిన ఆంబ్రోస్ గీతాల కోసం మిలాన్ నగరానికి మనుషులను పంపి ప్రతులు రాయించారు. తెచ్చిన గానం చెవికి ఇంపుగా లేదని తర్వాతి తరం అసంతృప్తి చెందింది. ఫలితంగా క్లేర్వో మఠాధిపతి బెర్నార్డ్ నాయకత్వంలో 12వ శతాబ్ది మధ్యలో మరోసారి సవరణ జరిగింది. ప్రాచీనమైనదే ప్రామాణికమని నమ్మినవారికి ప్రాచీన ప్రతి ఇచ్చిన ఇబ్బంది పాఠ పరిష్కరణతో పరిచయం గలవారికి కొత్త కాదు.

అయితే సిటో సంస్కరణలో అసలైన చిక్కు శ్రమ విషయంలో ఉంది. ప్రార్థనను కుదించినా రోజుకు ఎనిమిది మారులు ప్రార్థనాలయానికి రావలసిన సోదరుడు మఠానికి దూరంగా ఉన్న పొలాలను సాగుచేయలేడు. కౌళ్ల మీద ఆధారపడకూడదన్నది వారి నియమం. అందుకు సిటో అనుసరించిన మార్గం ‘కాన్వెర్సీ’ అనబడే శ్రామిక సోదరుల వ్యవస్థ. వీరు మఠానికి చెందినవారే, వ్రతబద్ధులే. కాని గానపీఠంలో వీరికి స్థానం లేదు. మఠాధిపతి ఎన్నికలో వీరికి ఓటు లేదు. చదువు నేర్చుకోవడానికి అనుమతి లేదు. కీర్తనలకు బదులు కంఠస్థమైన పరలోక జపం వంటి కొద్ది ప్రార్థనలను నిర్ణీత వేళల్లో, పొలంలోనే చెప్పుకుని పనిలోకి వెళ్లేవారు. ఆదివారాల్లో, పెద్ద పండుగల్లో మాత్రం మఠానికి వచ్చేవారు.

అంటే ఒకే మఠంలో రెండు దైవార్చన సంవత్సరాలు నడిచాయి. ఒకటి 150 కీర్తనలు, పఠనాలు, ప్రతివచనాలతో కూడిన అక్షరాస్యుల సంవత్సరం. రెండవది విత్తనం, కోత, గొర్రెల ఉన్ని మధ్య జపాలతో గడిచే నిరక్షరాస్యుల సంవత్సరం. మొదటిదానికి కావలసిన తీరికను రెండవది సమకూర్చింది. సన్యాసినుల మఠాల్లోనూ గాన సన్యాసినులు, శ్రామిక సోదరీమణులు అనే విభజన దీర్ఘకాలం కొనసాగింది. శ్రామిక సోదరుల జీవితాన్ని కేవలం దోపిడీగా చిత్రించడం సరికాదు. కూలి జీవితంకంటే మెరుగైన భద్రతను, గౌరవాన్ని, మోక్షాశను అది ఎందరికో ఇచ్చింది. కాని క్లూనీని విమర్శించి చేతిపనిని పునరుద్ధరించిన ఉద్యమమే ఆ పనిలో పెద్ద భాగాన్ని మరో వర్గానికి అప్పగించిందన్న వాస్తవాన్ని దాచడం కూడా సరికాదు. కఠోర నియమం పాటించే సిటో శాఖలో (ట్రాపిస్టులు) ఈ రెండు వర్గాలను అధికారికంగా ఏకం చేసినది 1965లోనే.

5. విచ్ఛేదం, పునరుద్ధరణ: సోలెమ్

ఫ్రెంచి విప్లవ ప్రభుత్వం 1790 ఫిబ్రవరిలో మఠవ్రతాలను రద్దు చేసింది. క్లూనీలోని మహాదేవాలయం ఆ తర్వాతి దశాబ్దాల్లో రాళ్ల కోసం కూల్చివేతకు గురైంది. ఫ్రాన్సులో తరాల మధ్య మౌఖికంగా సాగిన ప్రార్థనాభ్యాసం ఇలా తెగిపోయింది. 1833లో ప్రోస్పెర్ గెరాంజే (1805–1875) సోలెమ్‌లో కొద్దిమంది సహచరులతో బెనెడిక్టీన్ జీవితాన్ని పునఃప్రారంభించినప్పుడు ఆయన చేతిలో మిగిలినవి ప్రధానంగా పుస్తకాలు. 1837లో సోలెమ్ పూర్తి స్థాయి మఠమైంది.

1841 నుంచి గెరాంజే వెలువరించిన ‘లానే లిటుర్జిక్’ సంపుటాలు సంవత్సరంలోని ప్రతి కాలాన్ని, ప్రతి పండుగను సాధారణ విశ్వాసులకు వివరించాయి. ఆయన మరణానంతరం శిష్యులు ఆ రచనను పూర్తిచేశారు. మఠం గోడల మధ్య దినచర్యగా ఉన్న సంవత్సరం ఇక్కడ గృహస్థుడు చదవగల గ్రంథమైంది. 19వ శతాబ్దంలో వ్యక్తిగత భక్తికే ప్రాధాన్యం ఉన్న వాతావరణంలో, శ్రీసభ సామూహిక ప్రార్థనే భక్తికి మూలమన్న వాదనకు ఈ గ్రంథం బలమిచ్చింది. సోలెమ్ సన్యాసులు పోథియే, మోక్రో ప్రాచీన రాతప్రతులను సరిపోల్చి గ్రెగోరియన్ గానాన్ని పునరుద్ధరించారు. 1889లో మొదలైన ‘పాలియోగ్రఫీ మ్యూజికాల్’ ప్రచురణ ఆ ప్రతుల ఛాయాచిత్రాలను పండితులకు అందించింది. ఫ్రెంచి చట్టాల కారణంగా ఆ సమూహం 1901 నుంచి 1922 వరకు ఇంగ్లండుకు చెందిన వైట్ ద్వీపంలో ప్రవాసం గడిపింది. స్థలం మారినా వేళలు మారలేదు.

గెరాంజే తిరిగి నిలబెట్టిన మధ్యయుగం ఎంతవరకు చారిత్రకం, ఎంతవరకు 19వ శతాబ్దపు కల్పన అన్న ప్రశ్న పండితుల మధ్య ఉన్నది. తెగిన సంప్రదాయాన్ని గ్రంథాల నుంచి పునర్నిర్మించేటప్పుడు ఎంపిక అనివార్యం. సోలెమ్ ఎంచుకున్నది ప్రార్థన వైభవాన్ని. బెనెడిక్ట్ కాలపు పొలం పనిలో ఎక్కువ భాగాన్ని అక్కడ పాండిత్య శ్రమ ఆక్రమించింది.

6. వాటికన్ మహాసభ తర్వాత: పాత ప్రశ్న, కొత్త సమాధానాలు

1963 డిసెంబరు 4న రెండవ వాటికన్ మహాసభ వెలువరించిన దైవార్చన శాసనం ప్రార్థనలు ఆయా వేళలకే నిజంగా చెందాలని కోరింది. ప్రైమ్ ప్రార్థనను తొలగించింది. కీర్తనలను వారానికంటే దీర్ఘమైన కాలానికి పంచాలని సూచించింది. 1971 నాటి రోమను వేళాప్రార్థన గ్రంథం నాలుగు వారాల చక్రాన్ని స్వీకరించింది. బెనెడిక్టీన్ మఠాల కోసం 1977లో వెలువడిన సంకలనం ఒకటి కంటే ఎక్కువ కీర్తన పంపిణీలను అనుమతించింది. బెనెడిక్ట్ ఇచ్చిన వెసులుబాటు ఇక్కడ ఉపయోగపడింది. ఆయన పెట్టిన షరతును మాత్రం అన్ని మఠాలూ నిలుపుకోలేదు. శ్రామిక సోదరుల వర్గం లేకుండా, వృద్ధులు ఎక్కువై, సోదరుల సంఖ్య తగ్గిన మఠంలో వారానికి 150 కీర్తనలు ఎవరు పాడాలి, వంట ఎవరు చేయాలి అన్న ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది.

భారతదేశంలో ఈ ప్రశ్నకు దక్కిన ఒక విలక్షణ సమాధానం కురిసుమల ఆశ్రమం. బెల్జియంలోని స్కూర్మో సిటో మఠానికి చెందిన ఫ్రాన్సిస్ మహియూ (ఫ్రాన్సిస్ ఆచార్య, 1912–2002), ఆంగ్ల బెనెడిక్టీన్ బీడ్ గ్రిఫిత్స్ (1906–1993) కలిసి 1958లో కేరళలోని వాగమన్ కొండల మీద దీనిని నెలకొల్పారు. ఇక్కడ వారు లాటిన్ ఆచారాన్ని విడిచి, కేరళలో శతాబ్దాలుగా ఉన్న పశ్చిమ సిరియా సంప్రదాయాన్ని సిరో–మలంకర శ్రీసభలో భాగంగా స్వీకరించారు. ఆ సంప్రదాయంలో రోజు సంధ్యా ప్రార్థనతో మొదలవుతుంది. సంవత్సరం ఆగమన కాలంతో గాక, క్రీస్తు జయంతికి కొన్ని వారాల ముందు వచ్చే శ్రీసభ పవిత్రీకరణ ఆదివారంతో ఆరంభమవుతుంది. విస్తారమైన సిరియాక్ ప్రార్థన సాహిత్యం నుంచి ఎంపిక చేసి ఫ్రాన్సిస్ ఆచార్య ఆంగ్లంలో నాలుగు సంపుటాలు సిద్ధం చేశారు. కాషాయ వస్త్రాలు ధరించి, పాడిపశువుల పోషణతో జీవిస్తూ, ఆ ఆశ్రమం ప్రార్థనను, చేతిపనిని ఒకే సోదరుడి దినచర్యలోకి తిరిగి తెచ్చింది. 1998లో అది సిటో సంస్థలో చేరింది.

ముగింపు

ఈ పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, మఠంలో దైవార్చన సంవత్సరం పండుగల వరుస మాత్రమే కాదు. భోజనం, నిద్ర, పఠనం, శ్రమలను ఋతువులతో, పాస్కాతో ముడిపెట్టే పంపిణీ వ్యవస్థ. రెండు, సంస్కరణ ఉద్యమాలన్నీ మూలానికి తిరిగి వెళ్తున్నామని ప్రకటించినప్పటికీ, ప్రతి ఒక్కటీ నియమావళిలోని ఒక భాగాన్ని ఎంచుకుని మరో భాగాన్ని వదులుకుంది. క్లూనీ ప్రార్థనను, సిటో అక్షరానుసరణను, సోలెమ్ గానాన్ని, గ్రంథాన్ని ఎంచుకున్నాయి. మూడు, ప్రార్థనా సమయం ఎప్పుడూ ఎవరో ఒకరి శ్రమ మీద నిలిచింది. అందువల్ల మఠ ప్రార్థన చరిత్రను రాసేవారు గానపీఠంలోని గ్రంథాలతోపాటు మఠభూముల లెక్కలను, శ్రామిక సోదరుల ఆచార గ్రంథాలను, అన్నదాన నియమాలను కూడా సమాన ప్రాధాన్యంతో చదవాలి. పంట కోయవలసి వచ్చినందుకు విచారించవద్దని బెనెడిక్ట్ తన సోదరులకు చేసిన బోధ, 95వ కీర్తనను నెమ్మదిగా చదవమన్న ఆయన సూచన ఒకే గ్రంథంలోనివి. రెండింటినీ కలిపి చదివినప్పుడే ఆయన ఉద్దేశించిన కొలత అర్థమవుతుంది.